మందు ఇవ్వని వాళ్లకు కూడా లివర్ బాగుపడింది. ఎలా?

‘అచ్చుతప్పు’ అనే పేరుతో ఒకరు అడుగుతున్నారు:

నా వయసు 53. మద్యం ముట్టను. అయినా ఫ్యాటీ లివర్ ఉందని ఆరేళ్ల కిందటే తేలింది. మొన్న లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 10.4 కిలోపాస్కల్స్ వచ్చింది. తరువాత బయాప్సీ చేశారు. రిపోర్టులో ‘ఎఫ్2’ అని ఉంది. లివర్ ఒక మోస్తరుగా గట్టిపడిందని, సిర్రోసిస్ దాకా పోలేదని డాక్టరు గారు చెప్పారు. కొత్త మందు ఒకదాని మీద పరిశోధన జరుగుతోందని, చేరతారా అని అడిగి, ఇరవై రెండు పేజీల సమ్మతి పత్రం చేతిలో పెట్టారు.

పుస్తకాలు అచ్చుకు వెళ్లే ముందు తప్పులు దిద్దడం నా వృత్తి. కాబట్టి ఇరవై రెండు పేజీలూ పెన్సిల్ పట్టుకుని చదివాను. (రెండు అచ్చుతప్పులు దొరికాయి, అది వేరే సంగతి.) ఆ ఊపులో ఇదే జబ్బు మీద ఇంతకు ముందు జరిగిన పరిశోధనలు కూడా చదివాను. 2025లో వెలువడిన సెమాగ్లుటైడ్ అనే సూదిమందు ఫలితాల్లో, 72 వారాల తరువాత మందు తీసుకున్న వారిలో 62.9 శాతం మందికి లివర్‌లో వాపు తగ్గిపోయిందట. సంతోషం. కానీ మందు లేని ఉత్తి సూది వేయించుకున్న వారిలో కూడా 34.3 శాతం మందికి తగ్గిందట! ఇదీ అచ్చుతప్పేమోనని మూడు చోట్ల సరిచూశాను. కాదు.

ముగ్గురిలో ఒకరికి ఏ మందూ లేకుండా ఎలా తగ్గింది? అలా తగ్గేదే అయితే నేను సూదులు పొడిపించుకోవడం ఎందుకు? చేరాక నా వంతుకు ఉత్తి సూదే వస్తే, ఏడాదిన్నర కాలం వృథా చేసుకున్నట్టే కదా?

పచ్చనాకు:

సూదులూ వద్దు, మాత్రలూ వద్దు. లివర్‌ను కడిగేసే మూలికల పొడి దొరుకుతుంది. నలభై రోజులు వాడండి, తేడా మీకే తెలుస్తుంది.

అచ్చుతప్పు:

పచ్చనాకు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ నా చేతిలో ఉన్న పత్రంలో ఆ మందు వికటిస్తే ఏమవుతుందో నాలుగు పేజీలు రాశారు. పొడి పొట్లం మీద అందులో ఏమేమి కలిపారో కూడా రాయరు. మూలికల పొడులు వాడి లివర్ దెబ్బతిన్న వారి సంగతులు వైద్య పత్రికల్లో కావలసినన్ని ఉన్నాయి. ఉన్న జబ్బు చాలు నాకు.

పాత స్లైడు:

నేను ముప్పై ఏళ్లు పాథాలజీ ల్యాబులో స్లైడ్లు తయారు చేశాను. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ గాజు పలక మీదే ఉంది.

బయాప్సీ ముక్క మా దగ్గరికి ఫార్మలిన్ సీసాలో వచ్చేది. రెండు సెంటీమీటర్ల పొడవు, దారపు పోగంత లావు, వానపాము పిల్లలా ముడుచుకుని ఉండేది. దాన్ని మైనంలో పోతపోసి, మైక్రాన్లలో కొలిచేంత పలచగా కోసి, రంగు పట్టించేవాళ్లం. ట్రైక్రోమ్ రంగు వేస్తే కణాలు ఎర్రగా, గట్టిపడ్డ చోట పేరుకున్న కొలాజెన్ (పీచులాంటి ప్రొటీన్) నీలంగా తేలుతుంది. చూడటానికి ఎర్ర నేల మీద నీలి వాగులు పారినట్టు ఉంటుంది. ఆ వాగులు ఎంత దూరం పాకాయో, ఒకదానితో ఒకటి కలిశాయో లేదో చూసి ఎఫ్2, ఎఫ్3 అని నిర్ణయిస్తారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. లివర్ దగ్గర ఆ సామెత చెల్లదండీ. మేము చూసేది మొత్తం లివర్‌లో దాదాపు యాభై వేలవ వంతు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 51 మందికి ఒక్కొక్కరి లివర్ నుంచి రెండేసి ముక్కలు తీసి పోల్చారు. 41 శాతం మందిలో ఆ రెండు ముక్కల మధ్య కనీసం ఒక దశ తేడా వచ్చింది! ఒకే మనిషి, ఒకే లివర్. అలాంటప్పుడు ఏడాదిన్నర తరువాత సూది ఇంకో చోట దిగితే, జబ్బు కదలకపోయినా రిపోర్టు మారవచ్చు.

వాపు తగ్గిందనడానికి పెట్టిన షరతు కూడా కఠినమైనదే. ఉబ్బిన కణం ఒక్కటి కూడా కనబడకూడదు. ఏది ఉబ్బిన కణమో, ఏది కాదో పెద్ద పెద్ద డాక్టర్లు ఒకే మైక్రోస్కోపు ముందు వాదించుకోవడం నేను చాలాసార్లు విన్నాను. పైగా ఇలాంటి పరిశోధనల్లోకి వాపు ఒక స్థాయి దాటిన వారినే తీసుకుంటారు. ఈ జబ్బులో వాపు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బాగా ఎక్కిన రోజు దొరికిపోయిన వారు కొందరికి తరువాత కాస్త దిగడం సహజమే.

అందుకే ఉత్తి సూది గుంపు ఉండి తీరాలి. అది లేకపోతే 62.9 మొత్తం మందు ఖాతాలోకే పోయేది. మందు సంపాదించుకున్నది దాదాపు 29 మాత్రమే. 2024లో వచ్చిన రెస్మెటిరోమ్ (ఇదే జబ్బుకు ఇంకో మందు, మాత్ర) ఫలితాల్లో ఉత్తి మాత్ర గుంపుకు తగ్గింది 9.7 శాతమే. ఇక్కడేమో 34.3. కాబట్టి ఒక పరిశోధనలోని అంకెను తెచ్చి ఇంకో పరిశోధన పక్కన పెట్టి, ఈ మందు గొప్పదా ఆ మందు గొప్పదా అని తేల్చకండి.

నా మట్టుకు నేను వాపు అంకె కన్నా నీలం అంకెనే చూస్తాను. ముందు ముందు ఏమవుతుందో ఎక్కువగా చెప్పేది గట్టిపడటమే. సెమాగ్లుటైడ్‌తో అది తగ్గినవారు 36.8 శాతం, ఉత్తి సూదితో 22.4.

రెండో సూది:

పాత స్లైడు గారు సగం చెప్పారు. మిగతా సగం నేను అనుభవించాను. ఇలాంటి పరిశోధనలోనే ఏడాది పాటు ఉన్నాను (మందు వేరు). నాకు పడింది మందా, ఉత్తి నీళ్లా అన్నది నాకూ తెలియదు, సూది వేసే నర్సుకూ తెలియదు. కానీ నెలనెలా బరువు చూసేవారు, ఏం తింటున్నానో రాయించేవారు, నడుస్తున్నావా అని నిలదీసేవారు. నా జన్మలో నన్ను ఎవరూ అంతగా కనిపెట్టి ఉండలేదు! ఎనిమిది కిలోలు తగ్గాను. చివర్లో చెప్పారు, నాది ఉత్తి సూది గుంపని.

2015లో ఒక అధ్యయనం వచ్చింది. మందు లేదు, తిండి, నడక మాత్రమే. 293 మంది. ఏడాదిలో ఒంటి బరువులో పదో వంతు, అంతకు మించి తగ్గినవారిలో 90 శాతం మందికి వాపు పోయింది, 45 శాతం మందికి గట్టిపడటం తగ్గింది. కానీ అంత బరువు తగ్గించుకోగలిగిన వారు పదిమందిలో ఒక్కరే. మందుల కోసం వెతుకులాట అందుకేనండీ.

అచ్చుతప్పు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఉత్తి సూది’ అన్న మాట పక్కన నేను పెట్టిన ప్రశ్నార్థకం చెరిపేశాను.

పత్రం మళ్లీ చదివితే, ముగ్గురిలో ఇద్దరికి అసలు మందే ఇస్తారని తొమ్మిదో పేజీలో ఉంది. మొదటిసారి దాన్ని దాటేశాను, నా వృత్తికి సిగ్గుచేటు. రెండో బయాప్సీ తప్పనిసరి అని పద్నాలుగో పేజీలో ఉంది. పరిశోధన ముగిశాక ఉత్తి సూది వారికి అసలు మందు ఇస్తారా లేదా అన్నది మాత్రం ఎక్కడా కనబడలేదు. గురువారం డాక్టరు గారిని అదే అడుగుతాను. జవాబును నోటిమాటగా కాకుండా పత్రంలోనే రాసి ఇమ్మంటాను.

రెండో సూది గారూ, ఆ ఎనిమిది కిలోలు ఇప్పటికీ తిరిగి రాలేదా?

రెండో సూది:

మూడు వచ్చాయి. నెలనెలా అడిగేవారు లేరు కదా.