సమస్య: "వట్టి సంచిఁ జూచి వనిత మురిసె"

నిర్వాహకుడు: మన పద్యాల గుంపులోని బెంగళూరు మిత్రులందరికీ నమస్కారం. ఇవాళ ఇరవై తొమ్మిదో తారీఖు. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగున గిద్దె గీకుతున్న చప్పుడు వింటూ కూర్చుంటే ఈ పాదం దానంతట అదే వచ్చింది. నెలాఖరున వట్టి సంచి చూసి ఏడవాలి గానీ మురవడమేమిటో, ఇదే చివరి పాదంగా పైన మూడు పాదాలు పూరించి మీరే చెప్పాలి.

*వట్టి సంచిఁ జూచి వనిత మురిసె*

మారతహళ్లి బావ: మొదటి పూరణ నాదే.

తగ్గు ధరల మాట తలకెక్కనీయక
మాలు వీడి మగఁడు మరలి రాఁగ
నెలకు వేయు లెక్క నిలబడె నని యెంచి
వట్టి సంచిఁ జూచి వనిత మురిసె

ఇది మా ఇంటి సంగతే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బోర్డు కింద పావుగంట నిలబడి, ఏమీ కొనకుండా వచ్చాను. ఆ రాత్రి మా ఆవిడ చేసిన చారు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

మల్లేశ్వరం మాస్టారు: బాగుంది బావగారూ. మీ పద్యంలో మెచ్చుకోవలసిన మాట 'మాలు'. ఇంగ్లీషు మాల్‌కి మీరు ఉత్వం తగిలించారు. కానీ మన అంగళ్లలో మాలు అంటే ఎప్పటినుంచో సరుకు. సరుకును వదిలేసి వచ్చాడన్నా సరిపోతుంది, ఆ భవనాన్ని వదిలి వచ్చాడన్నా సరిపోతుంది. శ్లేష చక్కగా పడింది. మీరు అనుకుని వేశారా, అదే పడిందా?

మారతహళ్లి బావ: అనుకునే వేశాను మాస్టారూ. మా తాతకు చిక్కపేటలో బట్టల కొట్టు ఉండేది. 'మాలు దిగింది' అన్న మాట వింటూ పెరిగినవాణ్ణి. నేను బాగా రాసిన ప్రతిసారీ మీకు ఈ అనుమానం వస్తుంది.

హలసూరు అత్తయ్య: మీ ఇద్దరి పంచాయితీ తర్వాత. ఇది నాది.

బియ్య మయిన పిదప పెరటిలో నారేసి
మూతి చీల్చి మడిచి మొనలు కుట్టి
కూరగాయలకును కొత్తది యిది యని
వట్టి సంచిఁ జూచి వనిత మురిసె

మారతహళ్లి బావ: అత్తయ్యా, బెంగళూరు అద్దె ఇంట్లో పెరడెక్కడిది? మాకు బట్టలారేసుకోవడానికి బాల్కనీలో ఒక తీగే ఉంది, అది కూడా ఓనరుదే.

హలసూరు అత్తయ్య: మాది పాత హలసూరు, నాయనా. నాలుగడుగుల పెరడు, అందులో ఒక కరివేపాకు చెట్టు, దానికీ గోడకూ మధ్య దండెం. పెరడు నిజమే. తప్పు ఇంకోచోట ఉంది. పంపించాక నాకే తెలిసింది, మీలో ఎవరూ పట్టుకోలేదు. బియ్యం సంచి మూతిని ఎవరైనా చీలుస్తారా? దానిది గొలుసు కుట్టు. సరైన కొసన దారం పట్టుకుని లాగితే సర్రున మొత్తం ఊడి వస్తుంది. రెండో కొస పట్టుకుంటే ఎంత లాగినా ముడి పడుతుంది తప్ప రాదు. ఆ దారాన్ని నేను పారేయను. అట్టముక్కకు చుట్టి పెడతాను, పూలు కట్టడానికి పనికొస్తుంది. కాబట్టి 'మూతి విప్పి మడిచి' అని చదువుకోండి.

సంచి 26 కిలోలది. ఆ ఒక్క కిలో ఎందుకు ఎక్కువో మా వీధి కొట్టతను చెప్పాడు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాటితే లేదు. అందుకని మిల్లులవాళ్లు 26 కిలోల సంచి తెచ్చారు. మాకు ముగ్గురికి రెండు నెలలొస్తుంది. ఖాళీ అయ్యాక కడిగి, పాత చీర అంచుతో పిడులు కుడితే పది కిలోల కూరగాయలు మోసినా చిరగదు. హాప్‌కామ్స్ కూరగాయల దుకాణంలో నా సంచి చూసి ఇద్దరు ఆడవాళ్లు కుట్టివ్వమని అడిగారు.

మల్లేశ్వరం మాస్టారు: 'విప్పి' గణానికీ, అంటే పద్యపు అక్షరాల కొలతకూ సరిపోయింది, నిజానికీ సరిపోయింది. 'ఆరేసి' వాడుక రూపం, గ్రాంథికమైతే 'ఆరవేసి' కావాలి. అయినా ఈ పద్యానికి ఆరేసే అందంగా ఉంది. ఉంచండి.

మారతహళ్లి బావ: నేను ఆరేసి అని రాసి ఉంటే ఉంచమనేవారా మాస్టారూ?

బీటీఎం అమ్మాయి: అందరికీ నమస్కారం. నాకిది మొదటి పూరణ. కొంచెం టెన్షన్‌గా ఉంది. సంచి అంటే మా అబ్బాయి లంచ్ సంచి.

బడికి పోయి వచ్చె బాబు సాయంత్రము
పెట్టినంత తినెను బిడ్డ డనుచు
వెలకు కొన్న తిండి వృథా కాకపోయెను
వట్టి సంచిఁ జూచి వనిత మురిసె

మల్లేశ్వరం మాస్టారు: భావం బంగారం. మూడో పాదంలో 'వృథా కా' దగ్గర గణం విరిగింది. 'వృథ గాక' అంటే నిలబడుతుంది గానీ ఆ హ్రస్వం నాకు రుచించదు. ఆ పాదమే మార్చమ్మా: 'నెలకు కొన్న సరుకు నేలపాలవలేదు'.

బీటీఎం అమ్మాయి: చాలా థాంక్స్ మాస్టారూ. ఇప్పుడు నాకే పద్యం పెద్దదైనట్టు అనిపిస్తోంది.

మారతహళ్లి బావ: మాస్టారు ఒక్క అక్షరాన్ని వదలరు. మరి తన సంక్రాంతి పద్యం మాటేమిటి? 2025 జనవరిలో 'పాలు పొంగకున్నఁ బండుగయ్యె' అని ఇచ్చినప్పుడు, నందిని పాల ప్యాకెట్టులో 50 మిల్లీలీటర్లు ఎక్కువ వస్తున్నాయి కదా అని దాని మీదే పద్యం నడిపారు. ఆ ఏడే ఏప్రిల్ ఒకటిన ఆ 50 తీసేశారు, లీటరుకు నాలుగు రూపాయలు పెంచారు. గణం తప్పితే దిద్దుకోవచ్చు. విషయం కింద నేలే కదిలిపోతే ఏం చేస్తారు?

మల్లేశ్వరం మాస్టారు: రాసిన రోజున అది నిజం. 2024 జూన్‌లో ప్యాకెట్టుకు రెండు రూపాయలు పెంచి 50 మిల్లీలీటర్లు కలిపారు. మా ఇంట్లో ఆ చారెడు పాలతో రోజూ ఒక కప్పు మజ్జిగ ఎక్కువయ్యేది. మా ఆవిడ ఆ మజ్జిగ ఇచ్చే పిల్లవాడు పక్కింట్లో ఉన్నాడు. ఇప్పుడు కప్పు సగమైంది, అయినా ఇస్తూనే ఉంది. ఆ పద్యాన్ని నేను వెనక్కి తీసుకోను బావగారూ.

హలసూరు అత్తయ్య: మాస్టారి పద్యం నాకు గుర్తుంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించి పోశాక, రెండు చెంచాల నీళ్లు పోసి ఆడించి గిన్నెలో వంపుతాను. ఆ పద్యంలోని ఇల్లాలూ అదే చేసేదని రాశారు. నాలాంటి మనిషి పద్యంలోకి వచ్చిందని ఆ రోజు సంతోషపడ్డాను.

మడివాళ తమ్ముడు: రెండు రోజులుగా చదువుతున్నాను. నాదీ ఒకటి.

తెల్లవాఱుజాము తెచ్చిన మెంతాకు
కట్టలన్ని యెండ కాయు మునుపె
యమ్ముడయ్యె నింటి యద్దెకు సరిపోవ
వట్టి సంచిఁ జూచి వనిత మురిసె

నిర్వాహకుడు: అమ్మే మనిషి సంచి! మేమంతా కొనే చేతి వైపే చూస్తూ కూర్చున్నాం.

మారతహళ్లి బావ: ఇది నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి.

హలసూరు అత్తయ్య: పద్యం చాలా బాగుంది తమ్ముడూ. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఒక పూట మెంతాకు అమ్మితే ఇంటి అద్దె వస్తుందా?

మడివాళ తమ్ముడు: రాదు అత్తయ్యా. మా అమ్మ ఇరవై ఏళ్లు ఆకుకూరలు అమ్మింది. చీకటితో కృష్ణరాజేంద్ర మార్కెట్‌కు వెళ్లి కట్టలు కొని, మడివాళ మార్కెట్ బయట గోనె పరుచుకుని కూర్చునేది. పెట్టుబడి అప్పు. పొద్దున తొమ్మిది వందలు చేతికిస్తారు, సాయంత్రం వెయ్యి కట్టాలి. వాడిన ఆకు మర్నాడు ఎవరూ కొనరు, అప్పు మాత్రం మర్నాటికి పెరుగుతుంది. అందుకే సంచి ఖాళీ అయితే అమ్మ ముఖం మారిపోయేది. ఇంకొకటి కూడా ఉంది. సంచి మడిచి చంకలో పెట్టుకుంటే బస్సులో లగేజీ టికెట్ అడగరు. ఆ డబ్బులతో నాకు బన్ను కొనేది.

నిజానికి నేను ముందు రాసింది 'నాఁటి యప్పుకు సరిపోవ' అని. 'అప్పుకు' తప్పు, 'అప్పునకు' అనాలి, మాస్టారు పట్టుకుంటారని భయపడి 'అద్దెకు' అని మార్చాను.

హలసూరు అత్తయ్య: వీధి వ్యాపారులకు మొదటి విడతగా పదివేల అప్పు ఇస్తామంటూ స్వనిధి పథకం 2020లో వచ్చింది. అమ్మకు అందిందా?

మడివాళ తమ్ముడు: లేదత్తయ్యా, అంతకు రెండేళ్ల ముందే మోకాళ్ల నొప్పులతో మానేసింది.

మల్లేశ్వరం మాస్టారు: తమ్ముడూ, నా భయంతో నువ్వు మీ అమ్మ అప్పును అద్దెగా మార్చావని చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నలభై ఏళ్లు బడిలో తప్పులు దిద్దాను. పిల్లలు నాకు భయపడి నిజం మార్చి రాస్తారన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. 'అప్పుకు' వ్యాకరణానికి ఒప్పదు, అది అలాగే ఉంటుంది. కానీ అప్పును పద్యంలోంచి తీసేయాల్సిన పనిలేదు. ఇలా చూడు:

తెల్లవాఱుజాము తెచ్చిన మెంతాకు
కట్టలన్ని యెండ కాయు మునుపె
యమ్ముడయ్యె నాఁటి యప్పు తీఱఁగ, నంత
వట్టి సంచిఁ జూచి వనిత మురిసె

మారతహళ్లి బావ: 'తీఱఁగ, నంత'. ఆ 'అంత' దగ్గర ఆమె ఒక్క నిమిషం ఆగి నడుము నిటారు చేసుకున్నట్టు కనిపించింది. మాస్టారూ, ఈ ఒక్కదానికి మీకు దండం పెడుతున్నాను. సంక్రాంతి పద్యం సంగతి తర్వాత చూసుకుందాం.

మడివాళ తమ్ముడు: మాస్టారూ, రాత్రి అమ్మకు చదివి వినిపించాను. అప్పు మాట దగ్గర తల ఊపింది. అంతా విని, 'మెంతాకు కాదురా, నేనెక్కువ తెచ్చింది కొత్తిమీర' అంది. కొత్తిమీర ఆ గణంలో పట్టడం లేదు. ఏం చేయమంటారు?

మల్లేశ్వరం మాస్టారు: మా ఊళ్లో పెద్దవాళ్లు 'కొతిమిర' అనేవారు. నాలుగూ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే. 'తెచ్చిన కొతిమిర' అని మార్చి, మళ్లీ ఒకసారి అమ్మకు వినిపించు.