కరెంటు పొయ్యి కాయిల్ ఒకే చోట తెగుతోంది, వత్తుల స్టవ్ మసి పడుతోంది: కారణాలు, మార్చే పద్ధతి

కొర్లగుంట రూమ్:
2000 వాట్ల ఓపెన్ కాయిల్ పొయ్యి. పింగాణీ ప్లేటు బాగానే ఉంది, కాయిల్ మాత్రం రెండు నెలలకొకటి పోతా ఉంది. ప్రతిసారీ మధ్య మలుపు దగ్గరే తెగుతుంది. తెగిన కొసలు మెలిపెట్టి కలిపితే పది రోజులు కూడా ఆగడం లేదు. షాపులో అడిగితే తీగ మంచిది కాదంటారు. తప్పు నిజంగా తీగదేనా?

పలమనేరు వైండింగ్:
ఒకే చోట తెగుతోందంటే తీగను కాదు, ఆ చోటును చూడాల. కాయిల్ మొత్తంలో పారే కరెంటు ఒకటే, ప్రతి అంగుళం తీగలో పుట్టే వేడీ ఒకటే. తేడా అంతా ఆ వేడి బయటికి పోవడంలో ఉంది. చుట్లు గుంపుకట్టిన చోట ఒకదాని వేడి ఇంకొకదానికి తగిలి ఎరుపు దాటి పసుపుకి పోతుంది. సాగిన చోట మసకగా వెలుగుతుంది. సాగిన చోటే తెగుతుందని చాలామంది అనుకుంటారు గానీ లెక్క తిరగబడి ఉంటుంది. మలుపు దగ్గర కాయిల్‌ని వేలితో గాడిలోకి తోసేటప్పుడు చుట్లు అక్కడే పోగవుతాయి. మీ పొయ్యి జబ్బు దాదాపు అదే.

నమ్మకం కుదరకపోతే రాత్రి లైటు ఆపి, గిన్నె పెట్టకుండా ఒక నిమిషం ఆన్ చేసి చూడండి. మిగతా కాయిల్ కంటే ముందుగా ఎర్రబడి, ఎక్కువ వెలిగే చోటు కనిపిస్తే తర్వాత తెగేది అదే.

మార్చే పద్ధతి ఇది. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారనిచ్చి పాత కాయిల్ తీసెయ్యాల. గాడి వెంట ఒక దారం పరిచి పొడవు కొలవాల. కొత్త కాయిల్ ఒక కొసను గోడ మేకుకి తగిలించి, రెండో కొస పట్టుకుని మెల్లగా, ఒకే లాగుడులో సాగదీయాల. వదిలితే కొంత వెనక్కి ముడుచుకుంటుంది, కాబట్టి వదిలినాక ఉన్న పొడవే లెక్క. అది దారం కంటే ఒక అంగుళం తక్కువ ఉంటే సరి. ఎక్కువ సాగిందని వెనక్కి తోస్తే మళ్ళీ అదే గుంపు తయారవుతుంది. మరీ తక్కువ సాగితే మలుపుల దగ్గర బిగిసి గాడిలోంచి పైకి లేస్తుంది, గిన్నె అడుగుకి తగులుతుంది.

కొసల సంగతి ఎవరూ పట్టించుకోరు. రెండు కొసల్లోనూ నాలుగు వేళ్ళ పొడవు చుట్లు విప్పి, ఆ తీగను రెండుగా మడిచి గట్టిగా మెలిపెట్టాల. అక్కడ కరెంటుకి రెండు దార్లు దొరికి వేడి తగ్గుతుంది, స్క్రూ మాడదు. పటకారుతో నొక్కేటప్పుడు తీగ మీద గాటు పడకూడదు. గాటు పడిన చోట తీగ సన్నబడుతుంది, సన్నబడిన చోట వేడెక్కువ.

కొర్లగుంట రూమ్:
అయితే తెగినదాన్ని అతికించడం అసలు కుదరదా అన్నా? పొయ్యి రోజూ కావాల, షాపు మూసి ఉంటే?

పలమనేరు వైండింగ్:
ఆ పూటకి వండుకోవడానికి తప్ప పనికిరాదు. మెలిపెట్టిన చోట, వేడికి తీగ మీద ఏర్పడిన పొర అడ్డమొచ్చి కాంటాక్టు సరిగా కుదరదు, అక్కడే నిప్పు లేస్తుంది. సోల్డర్ పెట్టాలనే ఆలోచన కూడా వద్దు. మామూలు సోల్డర్ 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది, కాయిల్ ఎర్రబడిందంటే 700, 800 డిగ్రీల్లో ఉన్నట్టు.

ఇంకో మాట. కాయిల్ కొనేటప్పుడు అయస్కాంతం తీసుకుపోండి. 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం ఉన్న నిక్రోమ్ దానికి అంటుకోదు. గట్టిగా అంటుకుందంటే అది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన తీగ. అదేం నాసిరకం కాదు, వేడికి బాగానే ఓర్చుకుంటుంది. కాకపోతే ఒకసారి ఎర్రగా కాలిన తర్వాత పెళుసెక్కుతుంది. చల్లారినాక సర్దబోతే చిటుక్కున విరుగుతుంది. ఆ రకం తీగను మొదటిసారి ఆన్ చేసే ముందే గాడిలో సరిగ్గా కూర్చోబెట్టెయ్యాల, మళ్ళీ ముట్టుకోకూడదు.

రేణిగుంట 230:
అతుకు గురించి లెక్క కూడా చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల కాయిల్ రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, సుమారు 26.5 ఓమ్‌లు, కరెంటు 8.7 ఆంపియర్లు. 1500 వాట్లదైతే 35 ఓమ్‌లు, 6.5 ఆంపియర్లు. 1000 వాట్లది 53 ఓమ్‌లు, 4.3 ఆంపియర్లు. తెగిన చోట కాలిపోయిన చుట్లు కత్తిరించి కలిపారనుకోండి, పదో వంతు పోతే చాలు, 2000 కాస్తా 2200 దాటుతుంది. తీగ తగ్గింది, వేడి పెరిగింది. అందుకే అతికించిన కాయిల్ ప్రతిసారీ ముందుకంటే తొందరగా పోతుంది.

మల్టీమీటర్ ఉంటే కొత్త కాయిల్‌ని చల్లగా ఉన్నప్పుడే కొలవచ్చు. నిక్రోమ్ వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు, బల్బు ఫిలమెంట్ మాదిరి కాదు. 2000 అని రాసిన ప్యాకెట్లో 22 ఓమ్‌లు వస్తే అది 2400 వాట్ల కాయిల్. తిరిగి ఇచ్చెయ్యండి.

1500, 2000 వాట్ల పొయ్యిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్లో పెట్టకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో అస్సలు వద్దు. 16 ఆంపియర్ల సాకెట్, పొయ్యి నుంచి ప్లగ్గు దాకా 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాల. చిన్న సాకెట్టే గతి అంటే 1000 వాట్ల కాయిల్ వేసుకోండి.

ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి 190కి పడితే 2000 వాట్లది 1365 వాట్లే ఇస్తుంది. పొయ్యి చెడిపోయిందని ఇంకా పెద్ద కాయిల్ వేసేవాళ్ళు ఉన్నారు. రాత్రి పొద్దుపోయాక 250 వస్తుంది, అదే 2000 వాట్లది 2360 లాగుతుంది. పెద్ద కాయిల్ వేస్తే ఆ రాత్రి సాకెట్ కరగచ్చు.

తిరుచానూరు వంటిల్లు:
ఎంత చక్కగా పరిచినా పాలు పొంగితే అంతే. సంగటికి ఎసరు పొంగినా అంతే. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పూ చక్కెరా గాడిలో మాడి బొగ్గవుతాయి. ఉప్పు తీగ మీది పొరను తినేస్తుంది, బొగ్గు చుట్ల మధ్య ఇరుక్కుని అక్కడ వేడిని బయటికి పోనివ్వదు. పైన చెప్పిన గుంపు కట్టడం ఎంతో ఇదీ అంతే.

పొంగిన వెంటనే తడిగుడ్డ పెట్టడం మొదటి తప్పు. వేడి పింగాణీకి చల్లటి తడి తగిలితే పగులుతుంది, షాక్ కొట్టే ప్రమాదం వేరే. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అరగంట వదిలెయ్యాల. తర్వాత ఒక అంగుళం పెయింటు బ్రష్షు, పొడిది, దాంతో ఊడ్చాల. గాడిలో ఇరుక్కున్నదాన్ని చీపురుపుల్లతో తియ్యాల, కత్తితో కాదు. పాకం, బెల్లం ఒలికి గట్టిపడితే కాయిల్ తీసేసి, ప్లేటు ఒక్కదాన్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి కడగాల. సబ్బు వద్దు. కడిగిన ప్లేటు ఒక రోజంతా ఎండలో ఉండాల. పింగాణీ లోపల తడి పీల్చుకుంటుంది, పైకి పొడిగానే కనిపిస్తుంది.

తీగ నల్లగానో పచ్చబూడిద రంగులోనో ఉందని పీచుతో తోమకండి. ఆ పొర ఉన్నందుకే లోపలి తీగ బతికేది.

సంగటి గెలికేది పొయ్యి మీద కాదు అక్కా అన్నా. పిండి ఉడికినాక గిన్నె దించి కింద పెట్టి తెడ్డుతో గెలకండి. ఆ బలానికి పొయ్యి మీద గిన్నె పక్కకి జరిగితే అడుగు కాయిల్‌కి తగులుతుంది.

పుత్తూరు 517:
ఇంత తిప్పలు ఎందుకు, ఇండక్షన్ కొనుక్కుంటే పోలా?

తిరుచానూరు వంటిల్లు:
అల్యూమినియం తపేలా, మట్టి దాక ఇండక్షన్ మీద పని చెయ్యవు తమ్ముడూ, అడుగున అయస్కాంతం అంటుకోవాల. గిన్నెలన్నీ మార్చగలిగితే కొనుక్కో, ఓపెన్ కాయిల్ కంటే అది క్షేమమే.

చంద్రగిరి వైర్‌మన్:
షాక్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. ఓపెన్ కాయిల్‌లో తీగకీ మీ గిన్నెకీ మధ్య ఉండేది గాలి ఒక్కటే. కాయిల్ లేచి గిన్నెకి తగిలితే గిన్నె, అందులోని పులుసు, మీ చేతిలో ఇనప గరిటె అన్నీ కరెంటే. చెక్క తెడ్డు, రబ్బరు చెప్పులు అలవాటు చేసుకోండి. కానీ వాటిని నమ్ముకుని ఎర్తు వదిలెయ్యకండి.

స్విచ్ ఆపాను కదా అని గాడిలో చెయ్యి పెట్టేవాళ్ళు ఇది చదవండి. స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది. పాత ఇళ్ళల్లో ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) తారుమారైతే స్విచ్ ఆపినా కాయిల్‌లో ఫేజు ఉంటుంది. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాల. టెస్టర్ ఎడమవైపు వెలిగితే తారుమారైనట్టే. ఏది ఎట్లున్నా ప్లగ్గు పీకందే కాయిల్ ముట్టుకోవద్దు.

ఎర్తు కోసం వచ్చే పచ్చ వైరు పొయ్యి బాడీకి స్క్రూతో బిగించి ఉండాల. చాలా పొయ్యిల్లో రెండు వైర్లే వస్తాయి, బాడీ గాలికి ఉంటుంది. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించిన చోట బిగించాల.

కాయిల్ కొస బిగించే టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ వైరు నేరుగా రాకూడదు, కరుగుతుంది. చివరి జానెడు పింగాణీ పూసలు గానీ ఫైబర్‌గ్లాస్ గొట్టం గానీ తొడగాల. ఇత్తడి స్క్రూ, రెండు వాషర్లు, వాటి మధ్య తీగ, పైన నట్టు. కొత్త కాయిల్ వేసిన వారానికి మళ్ళీ ఒకసారి బిగించండి, వేడికీ చల్లదనానికీ అది వదులవుతుంది. నల్లబడిన స్క్రూని గరుకు కాగితంతో రుద్ది వాడచ్చు, మర అరిగి ఉంటే పారెయ్యాల.

ప్లేటు కడిగినాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్) పడిపోతా ఉంటే దాన్ని తిట్టకండి. పింగాణీలో తడి ఇంకా ఉందని అది చెప్తోంది. ఇంకో రోజు ఎండబెట్టండి. ప్లేటు నిలువునా పగిలి కాయిల్ కింది రేకుకి తగిలే పరిస్థితి ఉంటే ప్లేటే మార్చాల. పగులుకి సిమెంటు పూయకండి, ఆ పూత తడి పట్టి ఉంచుతుంది.

చిత్తూరు నూనె స్టవ్:
కరెంటు పోయినప్పటికని పది వత్తుల కిరసనాయిలు స్టవ్ పెట్టుకున్నవాళ్ళు కూడా ఇక్కడ ఉంటారు కదా. గిన్నెలకి మసి, మంట పసుపుపచ్చగా. వత్తులు మారిస్తే తగ్గుతుందా?

పలమనేరు వైండింగ్:
ముందు వత్తులు కాదు, చిల్లుల గొట్టాలు చూడండి. లోపలిదీ బయటిదీ రెండూ గాడిలో సమానంగా కూర్చోవాల. ఒకటి వంగినా, చిల్లుల్లో మసి పట్టినా గాలి చాలక మంట పచ్చబడుతుంది. చల్లారినాక తీసి పాత టూత్‌బ్రష్షుతో దులపండి. అదయ్యాక వత్తుల ఎత్తు చూడండి. ఒక్క వత్తి మిగతావాటికంటే పైకి ఉన్నా ఆ పక్క మసి వస్తుంది. కొసన గట్టిపడిన బొగ్గును బ్లేడుతో రెండు మిల్లీమీటర్లు, అడ్డంగా సమంగా కొయ్యండి. ఏటవాలుగా కోస్తే మంటకి తోక వస్తుంది.

తిరుచానూరు వంటిల్లు:
వత్తి మార్చాల్సింది ఎప్పుడంటే, కోసినా మంట పెరగనప్పుడు, లేదా వత్తి కిందికి దిగి ట్యాంకు అడుగును తాకనప్పుడు. ట్యాంకు ఖాళీ చేసి, వత్తుల చట్రం పైకి తీసి, పాతవి కిందికి లాగెయ్యండి. కొత్త వత్తి కొసకి దారం కట్టి గొట్టంలోంచి పైకి లాగితే పీచు చెదరదు. గొట్టంలో మరీ బిగుతుగా ఉంటే నూనె ఎక్కదు, వదులుగా ఉంటే పక్క సందులోంచి మంట ట్యాంకులోకి దిగే ప్రమాదం. రెండోది చాలా చెడ్డది. నూనె పోసినాక అరగంట నాననిచ్చి వెలిగించాల, లేకపోతే వత్తే కాలిపోతుంది. అదే కారణానికి ట్యాంకు పావు వంతుకి తగ్గకముందే ఆపేసి, చల్లారినాక నింపుకోండి. మండేటప్పుడు పొయ్యకూడదు, ఊది ఆర్పకూడదు.

దీపం వత్తులు వేస్తే సరిపోదా అని గోవిందరాజస్వామి గుడి దగ్గర కొనేవాళ్ళున్నారు. అవి వదులుగా పేనినవి, పొట్టివి. స్టవ్‌కి నేసిన నూలు వత్తే కావాల. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన, బూడిద. కరిగి ఉండ కట్టిందంటే సింథటిక్.

రేణిగుంట 230:
నూనెలో పెట్రోలు కలిపితే మంట బాగుంటుందని ఎవరన్నా చెప్తే వినకండి. కిరసనాయిలు ఆవిరికి నిప్పు అంటుకునే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. మన తిరుపతిలో మే నెల ఎండ 40 దాటుతుంది. అంటే నిండు ట్యాంకు మిద్దె మీద ఎండలో పెడితే శుద్ధమైన కిరసనాయిలే ఆవిరి పెడుతుంది. పెట్రోలు ఇంకా ఎంతో తక్కువ వేడిలోనే అంటుకుంటుంది. స్టవ్ నీడలో పెట్టండి, ట్యాంకు ముప్పాతిక వంతుకి మించి నింపకండి.

కొర్లగుంట రూమ్:
లైటు ఆపి చూస్తే మధ్య మలుపు దగ్గర అరచేతి వెడల్పున పసుపు రంగు. అయస్కాంతం అంటుకుంది. ఈ కాయిల్ ఒకసారి ఎర్రగా కాలింది కాబట్టి ఇప్పుడు సర్దకూడదు, అంతే కదా అన్నా?

పలమనేరు వైండింగ్:
అంతే. తెగేదాకా వాడు, లేకపోతే ఇప్పుడే మార్చు. కొత్తది తెచ్చేటప్పుడు నిక్రోమ్ 1500 వాట్లది అడుగు, సాకెట్ ఫోటో ఒకటి ఇక్కడ పెట్టు.