సినీతారల ఇళ్ల నమూనాలో నల్లగొండలో ఇల్లు: పడమట అద్దాల గోడ సరైనదేనా?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
అందరికీ నమస్కారం. మా తాతగారు 1962లో కట్టించిన ఇంట్లో గుండ్రటి వరండా, సిమెంటు జాలీలు, ఎరుపు నలుపు రాళ్ల మొజాయిక్ గచ్చు ఇప్పటికీ ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి జాలీల నీడ ఆ గచ్చు మీద గళ్లుగళ్లుగా పరుచుకుంటుంది. చిన్నప్పుడు ఆ గళ్లలోనే తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం. దాని వెనుక 600 గజాల స్థలంలో కొత్త ఇల్లు కట్టాలనుకుంటున్నాము. 1950ల నాటి హాలీవుడ్ తారల ఇళ్ల ఫొటోలు నాకు చాలా ఇష్టం. వాటిని చూపిస్తే ఇంజనీరు గారు ఈతకొలనుకు ఎదురుగా పడమటి వైపంతా అద్దాల గోడ గీశారు. మన ఎండలకు అది తగునా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
ఆ ఫొటోల్లో గాయకుడు, నటుడు ఫ్రాంక్ సినాత్రా ఇల్లు ఉండే ఉంటుంది. కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్‌లో దాన్ని 1947లో ఈ. స్టూవర్ట్ విలియమ్స్ రూపొందించారు. సినాత్రా స్తంభాలున్న ఇటుక బంగళా కోరితే, ఆయన అదొకటి, తాను నమ్మిన ఆధునిక పద్ధతిలో మరొకటి గీసి చూపించారు. సినాత్రా రెండోదాన్నే ఎంచుకున్నారు. కొలను పియానో ఆకారంలో ఉంటుంది, పక్కనున్న నడవ కప్పు సందుల్లోంచి పడే నీడలు అచ్చం పియానో మెట్లలాగే కనిపిస్తాయి. నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే నచ్చినది ఆ నీడలే. అయితే ఆ ఊరు తారలకు చలికాలపు విడిది అని మరువకండి. ఎండ కావాలని వెళ్లినవారికి అద్దం సుఖం. మీరు మే నెలలోనూ ఆ ఇంట్లోనే ఉండాలి కదా.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి, ఇళ్ల పని చేస్తాను):
మే మొదటి పక్షంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు దాదాపు నడినెత్తినే ఉంటాడు కనుక దక్షిణపు గోడకు మంచి సజ్జ ఉంటే చాలు. పడమటి ఎండ మాత్రం వాలుగా, సజ్జ కిందుగా దూరి నేరుగా గదిలోకి వస్తుంది, ఎంత పొడుగు సజ్జ వేసినా ఆగదు. అద్దాన్ని ఉత్తరానికి తిప్పించి, పడమట మీ తాతగారి ఇంట్లోలాగే జాలీ గోడ కట్టించండి. మన భవంతి ఇళ్లలో వీధి వైపు మూసిన గోడ, లోపల ఆకాశానికి తెరిచిన నడిమి వాకిలి ఉండేవి. కొలను చుట్టూ ఇల్లు తెరుచుకునే ఆ తారల ఇళ్ల సొగసు కూడా అటువంటిదే.

జవాబు (వనపర్తి నుంచి):
ఇంజనీరు గారిని మీ ఎదురుగానే గీయమని అడగండి. లూసిల్ బాల్ వంటి తారలకు ఇళ్లు గీసిన మరో ఆర్కిటెక్ట్ పాల్ విలియమ్స్, నల్లజాతివాడైన తన పక్కన కూర్చోవడానికి తెల్లవారు ఇబ్బంది పడతారని, బల్లకు అవతల కూర్చున్నవారికి సరిగ్గా కనిపించేలా తలకిందులుగా గీయడం నేర్చుకున్నారు. తాను ఇళ్లు గీసిన కొన్ని పేటల్లో ఆయనకే నివసించే హక్కు లేకపోయింది. ఆ ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవడం న్యాయం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ప్లాను తిప్పి గీయిస్తాను. పాత జాలీల అచ్చు చూసి కొత్తవి పోయగల మేస్త్రీ మిర్యాలగూడ వైపు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.