జార్జ్ లాన్స్‌బరీ 1912లో ఎంపీ సీటు వదులుకోవడం తొందరపాటు కాదా?

సగం చదివిన పుస్తకం:
లాన్స్‌బరీ బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడు. ఆయనది ఈస్ట్ లండన్‌లో బో అండ్ బ్రామ్లీ సీటు. 1910 డిసెంబర్‌లో గెలిచాడు. రెండేళ్లు నిండకముందే ఆడవాళ్లకు ఓటు కావాలంటూ రాజీనామా చేసి, అక్కడే మళ్లీ నిలబడి 751 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నాకు మింగుడుపడనిది ఒకటే. ఎవరి కోసం దిగాడో ఆ ఆడవాళ్లకు ఆ ఎన్నికలో ఓటే లేదు! ఆ తర్వాత పదేళ్లు పార్లమెంటు గడప తొక్కలేదు. దీన్ని ధైర్యం అనాలా, ఆవేశం అనాలా?

రిటైర్డ్ హిస్టరీ టీచరమ్మ:
ఆవేశమే బాబూ, కాదనను. ఆ జూన్‌లోనే సభలో ప్రధాని ఆస్క్విత్ ముఖం ముందు పిడికిలి ఊపి సస్పెండ్ అయిన మనిషి. ఓటు కోసం పోరాడి జైల్లో నిరాహారదీక్ష చేస్తున్న ఆడవాళ్లకు గొట్టాలు దింపి బలవంతంగా తిండి పోస్తున్న రోజులవి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. సొంత పార్టీని ఒప్పించకుండా రాజీనామా చేయడం మాత్రం తప్పే. లేబర్ పార్టీ వెనక నిలబడలేదు.

పోలింగ్ రోజు సంగతి చెబితే మా క్లాసులో పిల్లలు నవ్వేవారు. ఓటర్లను తీసుకురావడానికి కార్లు సఫ్రజెట్ల (ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ల) దగ్గర ఉన్నాయి. ఓటర్ల లిస్టు లోకల్ లేబర్ వాళ్ల దగ్గర ఉంది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. మగవాళ్లు చెప్పినట్టు మేం నడుచుకోవాలా అని సఫ్రజెట్లు పట్టుపట్టారు. కార్లు ఊరికే పడి ఉన్నాయి. నాకైతే నవ్వు రాదు.

టీ చల్లారిపోయింది:
సీటు పోయినా ఆయన ఊరుకోలేదుగా అండీ. 1913లో ఓ సభలో సఫ్రజెట్ల విధ్వంసాన్ని సమర్థించినందుకు జైలుకెళ్లి, తనూ నిరాహారదీక్ష చేశాడు. 1921లో ఈస్ట్ లండన్‌లోని పాప్లర్ అనే పేద పేట కౌన్సిలర్లు 30 మంది జైలుకెళ్లిన గొడవలోనూ ఉన్నాడు. పేదలకిచ్చే సాయం ఖర్చు పేద పేటలే మోయాలా, ధనిక పేటలు పంచుకోవద్దా అన్నది తగాదా. లండన్ మొత్తాన్నీ చూసే కౌంటీ కౌన్సిల్‌కు కట్టాల్సిన వాటా వసూలు చేయం అన్నారు. కౌన్సిల్ మీటింగులు బ్రిక్స్‌టన్ జైల్లోనే పెట్టారు. ఆడ కౌన్సిలర్లను హాలోవే జైలు నుంచి అక్కడికి తీసుకొచ్చేవారు. ఆరు వారాలకు వదిలేశారు, చట్టం మారింది. ఎంపీగా ఉండి ఇంత చేసేవాడంటారా?

రిటైర్డ్ హిస్టరీ టీచరమ్మ:
ఎందుకు చేయడు? పాప్లర్ ఆయన ఒక్కడిది కాదు. జైలుకెళ్లిన వాళ్లలో ఆయన కోడలు మిన్నీ కూడా ఉంది. బయటికొచ్చాక 1922 జనవరి 1న చనిపోయింది. ఆ పేరు వదిలేసి పాప్లర్ కథ చెప్పకండి.

సగం చదివిన పుస్తకం:
మిన్నీ గురించి నాకు అసలు తెలియదు, థాంక్స్ అండీ. 1922లో అదే సీటు మళ్లీ గెలిచాడు కదా, ఈసారైనా కుదురుగా ఉన్నాడా?

టీ చల్లారిపోయింది:
మంత్రి అయ్యాక 1930లో హైడ్ పార్కు సర్పెంటైన్ చెరువులో ఆడా మగా కలిసి ఈత కొట్టడానికి చోటు తెరిపించాడు. కుదురంటే అదేనేమో 🙂