తెర వెనక కామెడీలో ఏది నిజం, ఏది యాక్టింగ్?

మణికొండ_మామ:
ది లారీ శాండర్స్ షో అనే అమెరికన్ కామెడీ సిరీస్ చూడ్డం మొదలుపెట్టా, 1992 నుంచి 98 దాకా హెచ్‌బీఓలో వచ్చింది, లారీ అనే హోస్ట్ నడిపే ఒక ఉత్తుత్తి టాక్ షో, దాని తెర వెనక జరిగే గోల. గెస్టులుగా వచ్చేది నిజం సెలబ్రిటీలే, సొంత పేర్లతోనే వస్తారు, కానీ కొందరు మరీ పొగరుగా చేస్తుంటే ఇది మనిషా వేషమా అని బుర్ర తిరుగుతోంది. మన స్కిట్ షోల్లో కూడా సొంత పేర్లతోనే పంచులు వేసుకుంటారు కదా, అక్కడ ఈ డౌటే రాదెందుకు?

సినిమాపిచ్చి:
కెమెరాతో కొట్టారు బ్రో. టాక్ షో ముక్కలు వీడియో మీద, తెర వెనక సీన్లు ఫిల్మ్ మీద తీశారు. షోలో ఆడియన్స్ నవ్వులుంటయ్, లారీ లోపలికొచ్చిండంటే నవ్వులు బంద్. ఇంకేముంది, లోపలిదే నిజమని నమ్మేస్తం, అదీ స్క్రిప్టేనని యాదికుండదు.

బద్ధకం_బాబు:
30 రాక్ అనే అమెరికన్ కామెడీ సిరీస్ కూడా చూడండి. టీనా ఫే అక్కడి లైవ్ స్కిట్ షో సాటర్డే నైట్ లైవ్ (ఎస్ఎన్ఎల్)కి హెడ్ రైటర్‌గా చేసింది, ఇందులో వేసిందీ ఒక కామెడీ షో హెడ్ రైటర్ వేషమే. 2010లో ఒక ఎపిసోడ్ లైవ్‌గా చేశారు, అదీ ఎస్ఎన్ఎల్ తీసే స్టూడియో 8హెచ్‌లోనే, ఈస్ట్ కోస్ట్‌కి ఒకసారి, వెస్ట్ కోస్ట్‌కి మళ్లీ. అన్నాళ్లూ ఆఫీసు అనుకున్నది ఆ రోజు పచ్చిగా సెట్‌లా కనిపించింది.

కట్_పేస్ట్:
నేను కొన్నాళ్లు ఇక్కడే ఒక కామెడీ షోకి ఎడిటింగ్‌లో చేశా, పేరొద్దు. ఆడియన్స్‌ని కోఆర్డినేటర్ తెస్తాడు, డబ్బులిస్తారు, స్కిట్ మొదలవ్వకముందే చప్పట్లు, నవ్వులు, నోరెళ్లబెట్టడం అన్నీ విడిగా తీసి పెట్టుకుంటాం. జడ్జి గారు వేరే స్కిట్‌కి నవ్విన నవ్వు ఈ పంచ్ పక్కన అతికిస్తాం, చీర ఒకటే అయితే చాలు, ఓసారి మాత్రం కప్పులో టీ ఒక షాట్‌లో ఖాళీ, తర్వాతి షాట్‌లో నిండుగా ఉంది, ఎవడూ పట్టుకోలేదు లెండి. మామా, మీ డౌట్‌కి జవాబు అదే అనుకుంటా, తెర వెనక సంగతి చెప్పే పంచ్‌కి కూడా మేం నవ్వు అతికించేస్తాం, ఇక డౌట్‌కి చోటెక్కడ? ఓసారి టీం లీడర్ పేమెంట్ రాలేదని పంచ్ వేశాడు, నిజంగానే రాలేదు, అందరికంటే గట్టిగా నవ్వింది లైట్ బాయ్స్. వాళ్ల దగ్గర మైకుండదుగా, ఆ నవ్వు ఎపిసోడ్‌లో లేదు.

మణికొండ_మామ:
ఆ ముక్క ఉంచుంటే అదే మన లారీ శాండర్స్ అయ్యేది. సరేగానీ మా అత్తయ్యకి ఆడియన్స్‌లో కూర్చోవాలని సరదా, పంపించొచ్చా?

కట్_పేస్ట్:
పంపండి, కానీ పొద్దున కూర్చోబెడితే రాత్రికి గానీ వదలరు, టిఫిన్ గట్టిగా తినేసి రమ్మనండి.