క్యాజువాలిటీలో బీపీ బయటపడితే, ఆ తర్వాత వెంటపడాల్సింది ఎవరు?

కొల్లేటికొంగ:
మా బాబాయి బండి మీంచి పడితే రాత్రిపూట ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. మోకాలికి కుట్లు వేశారు, బీపీ 190/110 ఉందన్నారు, ఏదో మాత్ర మింగించి పంపేశారు. ఫిజీషియన్‌కి చూపించుకోమని డిశ్చార్జి కాగితం అడుగున గొలుసుకట్టు ఇంగ్లీషులో ఒక ముక్క గీకారు. కుట్లు ఊళ్లో ఆర్ఎంపీ విప్పాడు, అక్కడితో సరి. మొన్న శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే బీపీ 200 దాటింది, తగ్గించుకుని రమ్మని వెనక్కి పంపారు. అంత బీపీ కళ్లారా చూసినవాళ్లకి, మనిషి మళ్లీ చూపించుకున్నాడో లేదో కనుక్కునే బాధ్యత లేదా?

నైట్‌డ్యూటీ:
క్యాజువాలిటీ డాక్టర్‌ని కాబట్టి చెప్తున్నా. నొప్పితో, భయంతో వచ్చిన మనిషికి బీపీ పెరగడం మామూలే, కుట్లయ్యాక చూస్తే 150కి దిగినవాళ్లూ ఉంటారు. ఒక్క రీడింగు పట్టుకుని బీపీ రోగి అని ముద్ర వేయలేం. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం లాంటివి లేకపోతే అప్పటికప్పుడు దించేయాల్సిన పనీ లేదు. ఒకప్పుడు నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికించి నాలుక కింద పెట్టించేవాళ్లు, బీపీ దబ్బున పడిపోయి మెదడుకీ గుండెకీ రక్తం చాలట్లేదని అది వద్దన్నారు, అయినా అంకె చూడగానే టెన్షన్‌తో "ఏదో ఒకటి ఇవ్వండి సార్" అని బంధువులే మీద పడతారు. ఇక ఫోన్లంటారా, తెల్లవార్లూ యాక్సిడెంటు కేసులు చూసేవాళ్లం, ఎవరికని చేస్తాం?

కూకట్‌పల్లివాడు:
ఫాలోఅప్ ఫోన్లా? వద్దు బాబోయ్. మా అమ్మని గ్యాస్ నొప్పికి తీసుకెళ్తే ఆ తర్వాత ఒకటే ఫోన్లు, అన్నీ హెల్త్ చెకప్ ప్యాకేజీలు అంటగట్టడానికే. బీపీ ఉందని చెప్పాక చూపించుకోవడం ఎవరి పని వాళ్లదే. బండి సర్వీసింగు గుర్తుంటుంది, ఇది గుర్తుండదా?

సబ్‌సెంటర్‌అక్క:
తమ్ముడూ, బండి మొరాయిస్తే తెలుస్తుంది, బీపీ తెలియదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, ఇంకెందుకమ్మా అంటారు. మాత్ర మొదలెడితే జీవితాంతం మింగాలట అని ఇంకో భయం. 30 ఏళ్లు దాటినవాళ్లకి మేం బీపీ, షుగరు చూస్తాం, పీహెచ్‌సీలో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు, కానీ రాత్రి ఆసుపత్రిలో చూసిన ఆ 190 మా దాకా రాదే! 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం తొలివిడత 5 రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అందులో అసలు పని, మందులకి రావాల్సిన రోజు రానివాళ్లెవరో చూసి ఫోను చేయడం, పలక్కపోతే ఇంటికెళ్లడం. జాబితాలో పేరుంటే కదా వెంటపడేది.

కొల్లేటికొంగ:
డాక్టర్ గారూ, మాత్ర రాయమనట్లేదు, ఫోను చేయమనీ అనట్లేదు. తెలుగులో ఒక చీటీ చాలు. ఈ రాత్రి బీపీ ఇంత, వారంలోగా ఫలానా పీహెచ్‌సీలో మళ్లీ చూపించుకోండి, మూతి వంకర పోయినా మాట తడబడినా ఆగకుండా 108కి ఫోను చేయండి. అదీ నొప్పితో మూలిగే మనిషికి కాదు, వెంట వచ్చినవాళ్ల చేతిలో పెట్టి నోటితో కూడా చెప్పాలి.

కూకట్‌పల్లివాడు:
చీటీలు మందుల కవర్లోనే ఉండిపోతాయి. ఇంట్లో మిషను కొనుక్కుంటే పోలా?

నైట్‌డ్యూటీ:
చీటీకి అభ్యంతరం లేదు, అచ్చు వేయించి ఇస్తే అంకె నింపడం ఎంతసేపు. దాన్ని సబ్‌సెంటర్‌కి చేర్చే పని మాత్రం మా నెత్తిన వేయొద్దు, దానికి పగటిపూట ఒక మనిషి కావాలి, జీతం ఎవరిస్తారో యాజమాన్యాన్ని అడగండి. మిషను కొనేటట్టయితే పైచేతికి కట్టేదే కొనండి. కాఫీ, సిగరెట్ తాగిన వెంటనే కాదు, 5 నిమిషాలు ఊరికే కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి చూసుకోవాలి. రోజూ ఇంట్లో 135/85 దాటుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

సబ్‌సెంటర్‌అక్క:
ప్రత్యేకంగా మనిషెందుకు సార్, ఫొటో తీసి ఆశా కార్యకర్తకి వాట్సాప్ చేసినా చాలు.

కూకట్‌పల్లివాడు:
రోగి కాగితాలు వాట్సాప్‌లోనా! ఎవరి అనుమతితో?

సబ్‌సెంటర్‌అక్క:
రోగిని అడిగే పంపుతారు బాబూ, వద్దంటే మానేస్తారు. కొంగ గారూ, మీరు ముందు ఆ డిశ్చార్జి కాగితం, కంటాసుపత్రి కాగితం రెండూ పట్టుకుని బాబాయి గారిని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, ఆపరేషన్ తేదీ బీపీ దిగాక అడగొచ్చు.