మా స్కూల్ మూసేస్తారట, సూపరింటెండెంట్ మీటింగ్‌కి వెళ్లాలా?

మేం డాలస్ పక్కన ఉంటాం. పిల్లలు తగ్గారని మా ఎలిమెంటరీ స్కూల్ మూసే ఆలోచనలో ఉన్నారు. గురువారం సూపరింటెండెంట్ (మా ఏరియా స్కూళ్లన్నిటికీ పై అధికారి) కెఫెటేరియాలో మాతో మాట్లాడతారట. "అంతా ముందే తేల్చేసుంటారు, దండగ" అంటున్నారు మా ఆయన. నాకేమో నిద్ర పట్టట్లేదు.

జవాబు 1: వెళ్లండి అక్కా. మా దగ్గర ఖాళీ సీట్ల లెక్క, రిపేర్ల ఖర్చు తెర మీదే పెట్టారు. బస్సు గురించి అడిగితే "ఇంకా తేల్చలేదు" అని ఒప్పుకున్నారు. నాకదే నచ్చింది.

జవాబు 2: మూసివేతపై ఓటేసేది సూపరింటెండెంట్ కాదు, ఎన్నికైన ట్రస్టీలు, అంటే స్కూల్ బోర్డు సభ్యులు. బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికీ పేరివ్వండి. అజెండాలోని అంశంపై జనాన్ని మాట్లాడనివ్వాలని టెక్సస్‌లో 2019లో చట్టం తెచ్చారు. అజెండాలో లేనిది అడిగితే మాత్రం వాళ్లు చర్చించకూడదు, మొహాలు బిగించుకుని కూర్చుంటారు. పొగరనుకోకండి.

అడిగినవారు: థాంక్సండీ, రెండింటికీ వెళ్తున్నా. పిల్లల్ని మా ఆయనే చూసుకుంటారు!